ఎవరికీ చెప్పకుండా మానేసిన మాత్రలు

మాది జగ్గయ్యపేట. నందిగామలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. డిప్రెషన్‌కు రెండేళ్లుగా మాత్రలు వాడుతున్నాను. కిందటేడు పిల్లల కోసం ప్రయత్నిద్దామని నేనూ మా ఆయనా అనుకున్న రోజే, ఆ మాత్రలు కడుపులో బిడ్డకు చెరుపు చేస్తాయేమోనన్న భయంతో, ఎవరికీ చెప్పకుండా మానేశాను.

నాలుగో రోజుకు నిద్ర కరువైంది. తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టుండేది. ఆ వారమే ఒక ఉదయం బస్సులో కూర్చోలేక, హైవే మధ్యలో "ఆపండి, దిగిపోతా" అని అరిచాను. బస్సు ఆగగానే దిగి, వచ్చిన దారినే వెనక్కి నడవసాగాను. పక్కనుంచి లారీలు దూసుకుపోతున్నాయి. రోజూ చూసే కండక్టరమ్మ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏమైందమ్మా?"

"మాత్రలు మానేశానండీ. పిల్లలు కావాలని," అంటూ భోరున ఏడ్చాను. కిటికీల్లోంచి బస్సంతా చూస్తోంది.

ఆమె నన్ను తన సీట్లో కూర్చోబెట్టి, నా ఫోన్‌లోంచి మా ఆయనకు ఫోన్ చేసింది. ఆయన నందిగామ బస్టాండుకు వచ్చి, అటునుంచి అటే విజయవాడలో నాకు ఆ మాత్రలు రాసిచ్చిన డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లారు.

"మానాలా, మార్చాలా అన్నది కలిసి చూసుకుందాం. మీ అంతట మీరు ఆపొద్దు," అన్నారామె. మళ్లీ మాత్ర మొదలుపెట్టించారు. నేను కుదుటపడ్డాక, కాన్పుల డాక్టరుతోనూ మాట్లాడి, ఏ మాత్ర ఎంత వాడాలో చెప్పారు.

ఇప్పుడు నాకు ఐదో నెల. మాత్ర వేసుకుంటూనే ఉన్నాను. ప్రతి స్కానింగ్ ముందూ గుండె దడదడలాడుతుంది. కాకపోతే, భయమేసినప్పుడు ఇదివరకులా మాత్ర ఆపడం లేదు, డాక్టరమ్మకు ఫోన్ చేసి అడుగుతున్నాను.