గోల్డ్ మెంబరు గారి చుట్టాలు

రత్నసభాపతిగారికి ముగ్గురు సంతానం. ఇద్దరు కూతుళ్ళు, ఒక గోల్డ్ కార్డు. కూతుళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళు చేసి పంపించేశారు గానీ, కార్డును మాత్రం ఒక్కపూట కూడా విడిచి ఉండలేదు.

ఆ కార్డు ఒక విమాన సంస్థది. ఏడాదిలో ఫలానా ఇన్నిసార్లు తమ విమానం ఎక్కినవాళ్ళకి ఆ సంస్థ ఇచ్చే బిరుదన్నమాట. రత్నసభాపతిగారిది తరాల కిందట తమిళదేశంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం; కోయంబత్తూరు పీళమేడులో ఆయనకి నీళ్ళ మోటార్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ ఉంది. ఆ మోటార్లు అమ్ముకోవడానికి ఢిల్లీ, అహ్మదాబాదు, కలకత్తా తిరిగీ తిరిగీ పద్నాలుగేళ్ళ కిందట దాన్ని సంపాదించారు. అప్పటినుంచీ అది చొక్కా జేబులో, సరిగ్గా గుండె మీద ఉంటుంది. డాక్టరు గుండె చూడాలన్నా ముందు కార్డు చూడాల్సిందే.

విమానాశ్రయంలో చూపిస్తే ఎవరూ ఏమీ అనరు. ఆయన అన్నిచోట్లా చూపిస్తారు. ఒకసారి అవినాశిలో పెళ్ళికి వెళితే భోజనాల పంక్తి నిండిపోయింది. వడ్డించే మనిషి చేయి అడ్డం పెట్టి తర్వాతి పంక్తిలో కూర్చోమన్నాడు. ఈయన కార్డు తీశారు.

"ఏమి సామీ ఇది?" అన్నాడు అతను.

"గోల్డ్" అన్నారు ఈయన.

అతను ఏమనుకున్నాడో ఏమో, లోపలినుంచి కుర్చీ ఒకటి తెచ్చి పంక్తి చివర వేసి, జాంగిరీ రెండు వడ్డించాడు. ఆ సంగతి ఇప్పటికి నలభైసార్లు విన్నవాడు కణ్ణన్. ఆయన సొంత అక్క కొడుకు, ఫ్యాక్టరీలో అమ్మకాలు చూసేవాడు, ఆరేళ్ళుగా అడపాదడపా ఆయనతో విమానాలెక్కి దిగుతున్నవాడు.

"చూస్తివా కణ్ణా? గోల్డ్ మెంబరంటే యాడైనా మరియాదె ఉండాది."

"అది జాంగిరీ మామా."

"మరియాదెరా. జాంగిరీ రూపంలో వచ్చె."

ఇక ట్యాగులు. గోల్డ్ మెంబర్ల పెట్టెలకి నారింజ రంగు ట్యాగు కడతారు. దాని మీద 'ప్రయారిటీ' అని ఉంటుంది. అంటే ఆ పెట్టె అందరికంటే ముందు బయటికి రావాలి. కణ్ణన్ చూసిన ఆరేళ్ళలో రత్నసభాపతిగారి పెట్టె ఒక్కసారి కూడా ముందు రాలేదు. అందరి పెట్టెలూ వచ్చి, అందరూ వెళ్ళిపోయి, బెల్టు కూడా అలిసిపోయి ఆగబోయే సమయానికి అది ఒక్కటీ ఊగుతూ వచ్చేది.

"నిదానంగా తెస్తుండారు. పగలకుండా" అనేవారాయన.

వాడిన ట్యాగుల్ని పారేసేవారు కాదు. టిఫిన్ క్యారియరుకి ఒకటి, గొడుగుకి ఒకటి, స్కూటరుకి ఒకటి. ఆయన భార్య కృష్ణమ్మాళ్ మంగళసూత్రానికి తప్ప ఆ ఇంట్లో అన్నింటికీ ప్రయారిటీ ఉండేది.

అసలు బాధ ఏమిటంటే, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కార్డుకి పస తగ్గిపోయింది. మొదట్లో పెద్ద సీటు ఊరికే ఇచ్చేవారు. తర్వాత 'ఖాళీ ఉంటే' అన్నారు. ఆ తర్వాత ఖాళీ ఉన్నా చూద్దామన్నారు. లౌంజిలో, అంటే మెంబర్లు కూర్చుని ఫలహారం చేసే గదిలో, ఒకప్పుడు నెయ్యి దోశ పోసి ఇచ్చేవారు. అది పోయి ఇడ్లీ వచ్చింది. ఇడ్లీ కూడా పోయి ఇప్పుడు ఉప్మా మిగిలింది. ఇద్దరు అతిథుల్ని తీసుకుపోవచ్చన్నది ఒక్కరికి దిగింది. రెండేళ్ళ కిందట ఆ ఒక్కరూ కుటుంబ సభ్యులే అయి ఉండాలన్నారు.

"ఇంకేముంది మామా దాంట్లో? వదిలేయండి" అనేవాడు కణ్ణన్.

"నీకు తెలీదురా. బెనిఫిట్లు ఉండాయి."

కణ్ణన్‌కి ఆ మాటంటే ఒళ్ళు మండేది. ఎందుకంటే ఆరేళ్ళలో ఆ లౌంజి గడప అతను తొక్కలేదు. సొంత మేనల్లుడు, పక్కా కుటుంబ సభ్యుడు. అయినా విమానాశ్రయంలోకి అడుగుపెట్టగానే మామ, "నువ్వు గేటుకాడికి పోయి కూర్చో కణ్ణా, నాకు గోల్డ్ పని ఉండాది" అని మాయమైపోయేవారు. కణ్ణన్ ఇనప కుర్చీలో కూర్చుని, నూటయాభై పెట్టి కొన్న టీ తాగుతూ, ఈ ముసలాయన ఒంటరిగా ఉప్మా తినడానికి ఎందుకింత తాపత్రయపడతాడా అని ఆలోచించేవాడు.

ఇంకో వింత కూడా ఉంది. మామ ఇంటికి అప్పుడప్పుడు ఎవరెవరి దగ్గరినుంచో మూటలు వచ్చేవి. పొల్లాచ్చినుంచి కొబ్బరికాయలు. అవినాశినుంచి బనియన్లు, అదీ ఆయన కొలతకే. ఎవరు పంపారని కృష్ణమ్మాళ్ అడిగితే, "గోల్డ్ బెనిఫిట్" అని ఊరుకునేవారు. విమానాలవాళ్ళు కొబ్బరికాయలు పంచరని ఆవిడకు తెలుసు. కానీ మంచి కాయలు, పచ్చడికి పనికొచ్చేవి. అందుకని గుచ్చిగుచ్చి అడగలేదు.

ఈ ఏడు మార్చి నెలలో గొడవ ముదిరింది. ఆయన మోకాళ్ళు అరిగిపోయాయనీ, ప్రయాణాలు తగ్గించమనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. తీరా చూస్తే కార్డు నిలవడానికి ఇంకొక్క ప్రయాణం తక్కువైంది. మార్చి ముప్పై ఒకటిలోపు అది చేయకపోతే గోల్డ్ పోయి సిల్వర్ వస్తుంది. సరిగ్గా ఆ రోజే ఢిల్లీలో డీలర్లను కలవడానికి కణ్ణన్ వెళుతున్నాడు. "నేనూ వస్తుండాను" అన్నారు మామ.

"ఆ కార్డుకు పసుపూ కుంకుమా పెట్టి పూజ చేసుకోరాదా? మోకాళ్ళు అడ్డం పెట్టి ఏమి సంపాదించబోతారు?" అని కృష్ణమ్మాళ్ అరిచింది. కణ్ణన్‌ని పక్కకు పిలిచి, "కణ్ణా, ఎట్లన్నా చేసి మీ మామను ఆపురా. ఆ కార్డు పోతే నాకు నిమ్మళం" అంది. కణ్ణన్ తల ఊపాడు. అతనికీ అదే కావాలి. కానీ ఆపడం ఎవరి తరం? పొద్దున ఆరింటికే ఆయన ట్యాగు కట్టిన పెట్టెతో గుమ్మంలో నిలబడి ఉన్నారు.

తనిఖీలన్నీ అయి గేటు దగ్గర కూర్చున్నాక తెలిసింది, తొమ్మిది గంటల ఢిల్లీ విమానం రద్దయిందని. ఒక్కసారిగా నూటయాభైమంది లేచి కౌంటరు ముందు బారు కట్టారు. ఆ బారు మరుగుదొడ్ల దాకా పోయి అక్కడ మలుపు తిరిగింది. పక్కనే గోల్డ్ మెంబర్ల కౌంటరు, దాని ముందు ఒక్క పురుగు లేదు. రత్నసభాపతిగారు కొత్త పెళ్ళికొడుకులా నడిచి వెళ్ళి దాని ముందు నిలబడ్డారు.

అక్కడ కూర్చున్న అమ్మాయి పేరు చారులత అని కోటు మీద బిళ్ళ చెబుతోంది. పన్నెండు గంటలకి ముంబయి మీదుగా పోయే విమానంలో చివరి రెండు సీట్లు మామకీ మేనల్లుడికీ దొరికాయి. మిగిలినవాళ్ళకి మర్నాడు పొద్దునే.

"చూస్తివా?" అన్నారు మామ.

అప్పుడే బారు చివరినుంచి ఒక మాట వినిపించింది. "అయ్యో సామీ, ఇప్పుడు నేనేమి చేసేది?" తెలుగు! ఇంట్లో తప్ప వీధిలో వినపడని మాట. రత్నసభాపతిగారి చెవులు నిక్కబొడుచుకున్నాయి.

అరవై ఏళ్ళావిడ. సుంగుడి చీర కట్టుకుని, ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకుని నేల మీద చతికిలబడి ఉంది. పేరు గోవిందమ్మాళ్, అన్నూరు దగ్గర పత్తి సేద్యం. కూతురు లోకేశ్వరికి ఈ సాయంత్రం ఆరున్నరకి ఢిల్లీలో కాన్పు ఆపరేషను. అల్లుడు పట్టాళంలో ఉన్నాడు, వారం కిందట సరిహద్దుకు పంపేశారు. ఆ పిల్ల దగ్గర పక్కింటి పంజాబీ ఆవిడ తప్ప ఎవరూ లేరు. డబ్బాలో ఉన్నది బాలింతకు పెట్టే మందుపొడి.

"రేపు పొమ్మంటుండారయ్యా. రేపు పోయి ఏమి చేసేది? 'అమ్మా, నువ్వు ముందర ఉంటేనే నేను లోపలికి పోతా' అని నిన్నంతా ఏడ్చిందే నా బిడ్డ!"

రత్నసభాపతిగారు ఓదార్చలేదు. "మీ ఇంటిపేరేమి?" అని అడిగారు. ఈ పక్క తెలుగువాళ్ళు కొత్త మనిషిని మొదట అడిగేది అదే. పేరు తర్వాత.

"ముప్పాళ్ళోళ్ళు."

"లెయ్యి అమ్మణీ" అన్నారాయన.

గోల్డ్ కౌంటరు దగ్గర చారులతకి తమిళంలో చెప్పారు, తన సీటు ఈవిడకు రాయమని. కుదరదంది ఆ అమ్మాయి. మెంబరు వదులుకున్న సీటు బారులో ముందున్నవాళ్ళకి పోతుంది, కుటుంబ సభ్యులైతేనే వాళ్ళ పేరు మీద మార్చవచ్చు.

"కుటుంబమే. నా చెల్లెలు" అన్నారు రత్నసభాపతిగారు.

అదే క్షణంలో గోవిందమ్మాళ్ తనకు తోచిన సాయం తను చేసింది. "అవునమ్మా, మా మామగారు!"

చారులత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "చెల్లెలా సార్, కోడలా?"

"రెండూ. వాళ్ళమ్మ పక్కనుంచి చెల్లెలు, మొగుడి పక్కనుంచి కోడలు. మావాళ్ళు అక్క కూతుర్నే చేసుకుంటారు గదమ్మా, ఎవరికైనా రెండు వరసలుంటాయి. కుటుంబమంటే ఎంత దూరం దాకా అని మీ రూల్లో రాసి ఉందా?" అని, గోవిందమ్మాళ్ వైపు తిరిగి తెలుగులోకి దిగిపోయారు. మూడు నాలుగు వందల ఏళ్ళుగా ఆ ఊళ్ళలో తెలుగువాళ్ళందరూ చేసే పనే అది. పరాయివాళ్ళ ముందు రహస్యం మాట్లాడాలంటే తెలుగు. "అమ్మణీ, నువ్వు ఊరికే ఉండు. ఏది అడిగినా చెల్లెలనే చెప్పు. ఈ పాపకు మన మాట తెలీదు, నేను చూసుకుంటాను."

"మీ పేరేమన్నా?"

"రత్నసభాపతి. మరిచిపోవద్దు, అడిగితే చెప్పాల."

"నాది గోవిందమ్మాళ్. అది కూడా అడుగుతారేమో."

"ఆమా, అవునవును, అది మంచిది."

కణ్ణన్ కళ్ళు మూసుకున్నాడు. చారులత తల వంచుకుని చాలాసేపు టైపు చేసింది. టిక్కెట్టు చేతికిచ్చి, నిదానంగా, అచ్చ తెలుగులో అంది.

"తీసుకోండి తాతా. మాది మదురై పక్క. మా ఇంట్లో కూడా రహస్యాలు ఇట్లనే మాట్లాడేది."

రత్నసభాపతిగారు గబుక్కున కౌంటరు మీదికి వంగారు. "మీ ఇంటిపేరేమి పాపా?" అన్నారు.

"అడగొద్దు తాతా! అడిగితే నేను కూడా మీ చుట్టమైపోతాను. ఉద్యోగం పోతుంది."

కణ్ణన్ మామ చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "మామా, ఈ రోజు ఆఖరు తేది. మీరు ఎక్కకపోతే గోల్డ్ పోతుంది." ఇంట్లో అత్తకు మాటిచ్చినవాడు సంతోషించాలి గదా, అతనే ఇప్పుడు అడ్డం పడుతున్నాడు.

"తెలుసురా. కార్డు ఉండేది చూపించేదానికి గదా. దీనికంటే బాగా ఇంక యాడ చూపిస్తాను? నువ్వు ఆమెతో పో. ముంబయిలో విమానం మారాల, ఆమెకు హిందీ తెలీదు. ఆస్పత్రిలో విడిచిపెట్టి, డీలర్లను రేపు చూసుకో."

ఇంకా రెండు గంటలుంది. "రా అమ్మణీ, పొద్దుట్నుంచి ఏమీ తిని ఉండవు" అని ఆవిణ్ణి లౌంజివైపు నడిపించారు. కణ్ణన్ గడప బయట నిలబడ్డాడు. గుమ్మం దగ్గర మణికండన్ అనే ఉద్యోగి వాళ్ళిద్దరినీ చూసి లేచి నిలబడ్డాడు. "రండి సార్! ఈ రోజు ఎవరు? పెద్దమ్మా, వదినా?"

"చెల్లెలు" అన్నారు మామ కాస్త సిగ్గుపడుతూ.

వాళ్ళు లోపలికి పోయాక మణికండన్ కణ్ణన్‌తో అన్నాడు. "సార్‌కి ఎంత పెద్ద కుటుంబం సార్! వచ్చిన ప్రతిసారీ ఒక చుట్టం. అందరూ మొదటిసారి విమానం ఎక్కేవాళ్ళే, భయపడుతూ వస్తారు. పోయినసారి అవినాశి బనియన్ల ముసలాయన, అంతకుముందు పొల్లాచ్చి కొబ్బరి రైతు. పక్కన కూర్చోబెట్టుకుని తినిపించి, బెల్టు ఎట్లా పెట్టుకోవాలో చెప్పి, గేటు దాకా దిగబెట్టి వస్తారు."

కొబ్బరికాయలు. బనియన్లు. కణ్ణన్‌కి నవ్వు ఆగలేదు. ఆరేళ్ళ కోపం ఉప్మా వాసనలో కలిసిపోయింది.

సాయంత్రం అయిదున్నరకి ఢిల్లీలో దిగారు. ఆస్పత్రి విమానాశ్రయానికి దగ్గరే కావడంతో ఆరుంపావుకి గోవిందమ్మాళ్ డబ్బాతో సహా కూతురి మంచం పక్కన ఉంది. ఏడున్నరకి కణ్ణన్ ఫోను చేశాడు. "మామా, ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగుండారు."

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. కృష్ణమ్మాళ్‌కి ఆ వార్త అరిచి చెప్పడమూ వినిపించింది. ఆ తర్వాత మామ గొంతు తగ్గించి అడిగారు. "ఆమె పెట్టె ముందర వచ్చిందా? నా ట్యాగు విప్పి దానికి కట్టించినానే!"

"ఆఖరున వచ్చె మామా."

"పగలకుండా తెచ్చినారు" అన్నారు రత్నసభాపతిగారు.

ఏప్రిల్లో సిల్వర్ కార్డు వచ్చింది. దానికి లౌంజి లేదు, అతిథి లేడు, ఉప్మా అసలే లేదు. కృష్ణమ్మాళ్ ఆ రోజు పాయసం చేసింది. ఆయన మోకాళ్ళు ఇంటిపట్టున ఉండి నెమ్మదించాయి. ఊరూరా తిరగడం ఇప్పుడు కణ్ణన్ వంతు. గోల్డ్ రావడానికి అతనికింకా ఏడు ప్రయాణాలు తక్కువ. ఈ మధ్య కౌంటర్ల దగ్గర భయంభయంగా నిలబడ్డ మనుషుల్ని చూస్తే ఇంటిపేరు అడగబోయి ఆగుతున్నాడట. కార్డు రానీ, అప్పుడు చూద్దాం అని.

మే నెలలో అన్నూరునుంచి బస్సు పార్శిల్లో ఒక మూట వచ్చింది. వేరుశెనక్కాయలు, ఒక పాత డబ్బాలో మినపసున్ని, పసిపిల్ల ఫొటో. మూటకు నారింజ రంగు ట్యాగు భద్రంగా కట్టి ఉంది. అన్నూరునుంచి పీళమేడుకు గంట ప్రయాణం. మూట చేరడానికి నాలుగు రోజులు పట్టింది.