ముత్తమ్మకు అందని వంటగద్దె

మొన్న నేను నకిరేకల్ నుంచి పాలమూరు దాకా పోయింది ఒక వంటగదిని చూడటానికి. పెండ్లికి కాదు, గుడికి కాదు. నవ్వేవాళ్లు నవ్వండి. కొత్త ఇల్లు కడుతున్నవాళ్లు, పాత వంటిల్లు పగలగొట్టి కొత్త మోడల్ పెట్టిద్దామని అనుకుంటున్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి. నేను నాలుగో తరగతిలో బడి మానేసి గొర్ల వెంట పోయినవాడిని. రాతలో తప్పులుంటే దిద్దుకొని చదువుకోండి.

రెండేళ్ల కింద మా ఊళ్లో స్లాబు ఇల్లు కట్టాను. ఆ రోజుల్లోనే చిట్యాలలో ఒక తెలిసినాయన గృహప్రవేశానికి పోతే అక్కడ వంటగది చూసి నా కళ్లు చెదిరాయి. హాలుకూ వంటింటికీ మధ్య గోడ లేదు. అల్మారాలన్నీ తెల్లగా ఉన్నాయి, ఒక్కదానికీ పిడి లేదు, వేలితో నొక్కితే తెరుచుకుంటాయి. సొరుగు తోస్తే చప్పుడు లేకుండా దానంతట అదే మూసుకుంటుంది. నడిమిట్ల ఒక గద్దె, దాని పక్కన ఎత్తు కుర్చీలు, పొయ్యి మీద పొగ గుంజే చిమ్నీ. మా ఊళ్లో ఇలాంటిది మొదట నా ఇంట్లోనే ఉండాలనుకున్నాను. కొలతలకు వచ్చిన పనివాడు మంచివాడే, అడగాల్సిన మాటే అడిగాడు.

"తాతా, వంట చేసేది ఎవరు? జర ఆమెను పిలువు. గద్దె ఎత్తు ఆమె మోచెయ్యి చూసి పెడత."

"ఇల్లు ఎవనిది? నాది. నన్ను చూసి పెట్టు" అన్నాను.

నిటారుగా నిలబడి నా నడుము మీద చెయ్యి పెట్టి చూపించాను. నేను ఏ ఇంటికి పోయినా గుమ్మం దగ్గర తల వంచాల్సిన మనిషిని. నా భార్య ముత్తమ్మ నా ఛాతీ దాకా వస్తుంది. ఆ టైముకు ఆమె వెనక దొడ్లో గొర్లకు నీళ్లు పెడుతోంది. ఒక్క కేక వేస్తే వచ్చేది. వెయ్యలేదు.

మా ఇంట్లో రాత్రిపూట జొన్నరొట్టె తినాల్సిందే. జొన్నపిండి గోధుమపిండిలాగా సాగదు. మసలే నీళ్లు పోసి అరచేతి మడమతో, భుజం బరువంతా వేసి పిసకాలి. తర్వాత చేత్తో కొట్టి కొట్టి గుండ్రంగా తిప్పుతూ వెడల్పు చెయ్యాలి. పాత ఇంట్లో ముత్తమ్మ నేల మీద ఒక కాలు చాపుకొని కూర్చుని కొట్టేది. కొత్త గద్దె మీద ఆమె చేతులు రొమ్ము ఎత్తుకు వచ్చాయి. ఇక బరువు ఎక్కడ పడుతుంది? ఒక పీట వేసుకొని దాని మీద నిలబడింది. ఉప్పుకు దిగుడు, రొట్టెకు ఎక్కుడు. ఏడాదిన్నర నేను చూస్తూనే ఉన్నాను, "అలవాటైతది తియ్యి" అంటూనే ఉన్నాను. ఒక్కసారి మాత్రం అడిగింది.

"మా చెల్లె వాళ్లింట్ల రొట్టెలకు కిందికి చిన్న గద్దె కట్టిండ్రట. ఒక్కపాలి పోయి చూసొద్దామా?"

"సున్నం పని చేసెటోని ఇంట్ల నేను నేర్చుకునేదేందే?" అన్నాను. ఆమె చెల్లె చంద్రమ్మ మొగడు బాలయ్య మేస్త్రి. ముప్పై ఏళ్లు పట్నాలు పట్టుకొని తిరిగి మందికి ఇండ్లు కట్టినవాడు. నాకు సడ్డకుడు. మా ఇల్లు కట్టేటప్పుడు కూడా నేను అతనికి కబురు పెట్టలేదు.

పోయిన చలికాలం పీట జారింది. ముత్తమ్మ కుడిచెయ్యి మీద పడింది. మణికట్టు విరిగింది. దవాఖానలో పట్టీ వేశారు, నెలన్నరకు విప్పారు. ఎముక అతికింది గానీ చేతికి పాత బలం రాలేదు. అప్పటినుంచి మా ఇంట్లో జొన్నరొట్టె లేదు. కోడలు అన్నం వండుతుంది, చపాతీలు చేస్తుంది, రొట్టె కొట్టడం ఆమెకు రాదు. ముత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే ఎదురు తిట్టేవాడిని, అది నాకు వచ్చిన విద్యే. తిట్టకపోయేసరికి ఏం చెయ్యాలో తెలియలేదు. చివరికి ఒకనాడు "పా, మీ చెల్లె ఇంటికి పోదాం. గా గద్దె చూసి అసొంటిదే కట్టిస్త. మళ్ల రొట్టె కొడుదువు" అన్నాను. ఆమె నన్ను చూసి "గిప్పుడా?" అన్నది. అంతే. కానీ పొద్దున చూస్తే సంచిలో రెండు సేర్ల జొన్నపిండి కట్టుకుంది.

నకిరేకల్‌లో ఆరు గంటలకు బస్సెక్కితే ఏడు కాకముందే నల్లగొండలో దిగాం. అక్కడినుంచి పాలమూరుకు నేరుగా పోయే బస్సు కోసం కాచుకుంటే పొద్దు పోతుంది, కొండమల్లేపల్లి బస్సు దొరికితే ఎక్కేయండి. గంటంబావు పట్టింది. అక్కడ మారి కల్వకుర్తి, మళ్లీ మారి జడ్చర్ల, అక్కడినుంచి పాలమూరు. అంతా కలిపి నాకు మూడు వందల లోపు అయింది. ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు, ఆధార్ కార్డు మాత్రం దగ్గర ఉంచుకోవాలి. కల్వకుర్తి బస్సులో కండక్టరు ఆడపిల్ల. ముత్తమ్మ కార్డు చూసి ఇచ్చేసి నా వైపు తిరిగింది.

"అవ్వకు ఫ్రీ. తాతా, నీకే టికెట్."

"గీయనకు ఒకటిన్నర కొట్టు బిడ్డా, గంత పొడుగున్నడు" అన్నది ముత్తమ్మ. బస్సులో సగం మంది నవ్వారు. నేనూ నవ్వాను. కాసేపటికి మా గద్దె ఎత్తు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

కల్వకుర్తిలో దిగేసరికి పదిన్నర దాటింది. బస్టాండు బయట ఒకామె బండి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని జొన్నరొట్టెలు కొడుతోంది. రొట్టె ఇరవై రూపాయలు, కారం ఉచితం. ముత్తమ్మ తినేదానికంటే ఆమె చేతులనే ఎక్కువ చూసింది.

"ఏందవ్వా, గట్ల చూస్తున్నవు? రొట్టె మంచిగ లేదా?"

"మంచిగున్నది బిడ్డా. నువ్వు కూసున్న కూసుడు చూస్తున్న."

ఒంటిగంటకు పాలమూరులో దిగాం. బస్టాండు నుంచి చంద్రమ్మ ఇంటికి ఆటోవాడు నూట ఇరవై అడిగాడు, ఎనభైకి వచ్చాడు. బాలయ్య గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. "రా అన్నా. తొవ్వ యాదికొచ్చిందా?" అన్నాడు. ఎత్తిపొడుపే, అయినా నాకు పడాల్సిందే. కూరతో అన్నం పెట్టి, తిన్నాక వంటగది చూపించాడు. ఇప్పుడేం పెట్టిస్తున్నారో తెలుసుకోవాలనుకునేవాళ్లకు అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"పదేండ్ల కింద అందరు తళతళ మెరిసే ఎర్రరంగు అడిగేది అన్నా. ఇప్పుడు మెరుపు వద్దట. ఆకుపచ్చ, మట్టిరంగు, కర్రరంగు కావాల్నట. పై అల్మారాలు తగ్గిచ్చి కింద లోతు సొరుగులు పెడుతున్నరు, ఎగిరి అందుకునే పని లేకుండ. నల్లరాయి పోయి తెల్లది వచ్చింది, గని పసుపు పడితే మరక పోదు. పెద్ద ఇండ్లల్ల రెండు వంటిండ్లు. ముందటిది చుట్టాలకు చూపెట్టను, ఎనకది నూనె పొగకు."

"మరి గిది?" అని మూలకు చూపించాను.

కిటికీ కింద, నేల నుంచి జానెడు ఎత్తున, ఒక మనిషి కాలు చాపుకొని కూర్చునేంత నాపరాయి గద్దె. దాని పక్కనే అంతే ఎత్తులో ఒంటి పొయ్యి, మీద రొట్టెలు కాల్చే పెంక. మిగతా వంటగది అంతా నిలబడి చేసేదే, అదీ చంద్రమ్మ మోచేతికి బెత్తెడు కిందికి ఉంది.

"గద్దె రెండెత్తుల పెట్టుడు ఇప్పటి ఫ్యాషనే. పట్నంల దొరసానులు అడిగి పెట్టిచ్చుకుంటున్నరు. నేనైతే చంద్రమ్మను కూసోబెట్టి, పిండి పిసుకమని, అప్పుడు గీత గీసిన. నాకు ఒక్క ఫోన్ కొడితే మీ ఇంటికి గూడ వస్తుంటి అన్నా. కైకిలి పైసలు గూడ అడగకపోతుంటి."

నేను వంగి ఆ గద్దె ఎత్తును జానతో కొలుచుకున్నాను.

చంద్రమ్మ నీళ్లు మసలబెట్టింది. "అక్కా, కూసో. నీ చేతి రొట్టె తినక ఎన్నేండ్లాయె" అన్నది. ముత్తమ్మ గద్దె మీద కూర్చుని కాలు చాపింది. ఆమె భుజాలు కిందికి దిగటం నేను చూశాను. రెండేళ్లలో వంటింట్లో ఆమె అట్లా కూర్చోవటం అదే మొదలు. మా ఊరినుంచి తెచ్చిన పిండి కుప్ప పోసి నడుమ గుంట చేసి నీళ్లు పోసింది. ఎడమ చేత్తో కలిపింది. కుడిచెయ్యి పెట్టి బరువు వేసింది. మణికట్టు మడత పడింది. ఆగి, మళ్లీ వేసింది. ముద్ద చేసి కొట్టటం మొదలుపెట్టింది. నాలుగు దెబ్బలకే అంచు పగిలింది. పోగు చేసి మళ్లీ కొట్టింది, మళ్లీ పగిలింది. మూడోసారి ముద్దను చెల్లె ముందుకు తోసింది.

"గద్దె మంచిగ కట్టినవు బాలయ్యా. నాకే చాతనైతలేదు."

చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ముందుగాల రావొద్దా అక్కా! మేము ఇల్లు కట్టుకున్ననాడే రమ్మంటిమి గదనే!"

ముత్తమ్మ నా వైపు చూడలేదు. చేతికంటిన పిండి దులుపుకుంటూ "తీరలేదే చెల్లె. గొర్ల పని తెలువదా, ఒక్కనాడన్న తీరుతదా" అన్నది.

నేను అక్కడే తలుపు పట్టుకొని నిలబడి ఉన్నాను. "తీరక కాదు, నేనే రానియ్యలేదు" అని చెప్పటానికి ఎంతసేపు పడుతుంది? బాలయ్య నన్నే చూస్తున్నాడు. నేను తలుపు వదిలి బయటికి పోయాను. చంద్రమ్మ రొట్టెలు కొట్టింది, తిన్నాం, తెల్లారి ఎనిమిదింటి బస్సుకు బయలుదేరాం. జడ్చర్ల దాటాక ముత్తమ్మతో "మనింట్ల గూడ అసొంటి గద్దె కట్టిస్త, బాలయ్య వస్తనన్నడు" అన్నాను. కిటికీలోంచి చేన్లు చూస్తూ "ఎవలు కూసోను?" అన్నది.

వంటగదికి పెట్టిన సొమ్ము గురించి నాకు బాధ లేదు. సొరుగులు ఇప్పటికీ చప్పుడు లేకుండానే మూసుకుంటున్నాయి. నలభై ఐదేళ్లు నాకు రొట్టె కొట్టిన చెయ్యి నా మొండితనానికి పోయింది. అయినా చెల్లె ముందు నా పరువు పోకుండా ఆమె ఆ మాట తన మీద వేసుకుంది, నేను వేసుకోనిచ్చాను. ఇది రాస్తే చంద్రమ్మ ఇంట్లో ఫోన్లో చదివి వినిపించేవాళ్లు ఉన్నారు. వినిపించనీ. చంద్రమ్మా, మీ అక్కకు తీరక కాదు. నువ్వు పిలిచినప్పుడు ఆమె వస్తానన్నది. నేను వద్దన్నాను.

ఇక పోయేవాళ్లకు ఒక్క మాట. షోరూంకు పోయినా, ఎవరింటికి పోయి చూసినా, ఇంట్లో వండే మనిషిని తోలుకపోండి, సంచిలో సేరు పిండి పెట్టుకోండి. గద్దె మీద పిండి పిసికి చూడమనండి. అప్పుడు ఆమె ఏమంటే అదే కొలత, మీరు పక్కకు జరగండి.