దేవ్లా తాగలేదు

ఆ లంబాడీ తండాలో మొగవాళ్లంతా చుక్క వేసుకునేవాళ్లే, దేవ్లా తప్ప. తండ్రి సారా తాగి తాగి పోయిన రోజున తల్లి రూప్లి చేతిలో చెయ్యేసి తమ దేవుడు సేవాలాల్ మీద తాగనని ఒట్టు పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్లొచ్చినా ఆ మాట తప్పలేదు. పత్తి చేను చూసుకునేవాడు, పని లేనప్పుడు ఇల్లందు పోయి కూలి చేసి చెల్లెలు జ్యోత్స్నను హాస్టల్లో చదివించేవాడు.

"నీ దేవుడు నీకేమిచ్చిండ్రా?" అని బలరాం వెక్కిరించేవాడు. బలరాం అతని బాబాయి కొడుకు. ఇంటర్ తప్పి, దొరికిన పుస్తకమల్లా చదువుతూ, లోకమ్మీద కోపంతో తిరిగేవాడు.

"అమ్మనిచ్చిండు, చెల్లెనిచ్చిండు. నిన్ను గూడ ఇచ్చిండు, గదొక్కటే తప్పు జేసిండు."

రెండువేల ఆరు శ్రావణంలో తండాకు తీజ్ వచ్చింది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. మధ్యలో ఎవరైనా పోతే పండుగ ఆగిపోతుంది. చావులతో అప్పటికే రెండేళ్లు ఆగింది. వచ్చే చలికాలంలో జ్యోత్స్న పెళ్లి. ఆమెకిదే చివరి తీజ్.

మన్ను కోసం మధ్యాహ్నం దేవ్లా, బలరాం అడవి అంచుకు పోయారు. బలరాం గడ్డపార ఎత్తాడు.

"ఆగురా! పుట్టకు ఇనుము తగిలిస్తమా?" అని దేవ్లా చెప్పులు విడిచి, దండం పెట్టి, చేత్తోనే మన్ను తీశాడు. ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏమైందిరా?"

"ముల్లు." నవ్వుతూ పుట్ట అవతలికి పోయి, చొక్కా చేతులు కిందికి దించి గుండీ పెట్టుకుని వచ్చాడు. బుట్టలన్నీ తనే నింపాడు.

పొద్దుగుంకే వేళ ఆడపిల్లలు బుట్టల చుట్టూ పాడుతున్నారు. దేవ్లా తూలుతూ వచ్చాడు. రెప్పలు వాలిపోతున్నాయి. ఏదో చెప్పబోతే నాలుక తిరగలేదు.

"చూడుండ్రి! మా సాధువు గూడ దారిలకొచ్చిండు!" అన్నాడు తండాపెద్ద నాయక్ ధన్‌సింగ్. తండా అంతా గొల్లున నవ్వింది. "ఎన్ని సీసాలు తాగినవ్ బావా?" అని ఒకతను అరిచాడు. దేవ్లా చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆ ఊపుకు మళ్లీ నవ్వారు.

రూప్లి విసురుగా వచ్చి చెంపమీద కొట్టింది. "నువ్వు గూడనా?" అని కాలర్ పట్టి దగ్గరికి లాగి నోరు వాసన చూసింది. ఆమె ముఖం తెల్లబోయింది.

"వాసన లేదు... బలరాం, వాసన లేదురా!"

జీపు దవాఖానా చేరేసరికి దేవ్లాకు ఊపిరి లేదు. డాక్టర్ వేలు తిప్పి చూశాడు. రెండు పాము కోరల గాట్లు. చొక్కా గుండీ విప్పితే మణికట్టు పైన తువ్వాల పేలిక బిగించి కట్టి ఉంది. ఒంటిచేత్తో, పళ్లతో లాగి కట్టిన ముడి. బలరాం ఆ ముడినే చూస్తూ నిలబడిపోయాడు. ముల్లుకు ఎవరైనా కట్టు కడతారా? తెలుసు. వీడికి తెలుసు. తెలిసే, చెల్లెలి తీజ్ ఆగకూడదని బుట్టలు నింపాడు.

పండుగ ఆగిపోయింది. పెళ్లికాని వాళ్లను కాల్చరని దేవ్లాను పూడ్చారు. జ్యోత్స్న తన బుట్ట తెచ్చి, అన్న తీసిన మన్నును ఆ గుంత మీదే బోర్లించింది. గోధుమలింకా మొలకెత్తలేదు.

రూప్లి లేచి, చుట్టూ ఉన్న ఒక్కొక్కరి ముఖంలోకి చూసింది.

"నిన్న నవ్విండ్రు గదా. ఇప్పుడు చెప్పుండ్రి. నా కొడుకు తాగిండా?"

ధన్‌సింగ్ తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తాగలే పెద్దమ్మా" అన్నాడు బలరాం.

"నువ్వు గాదు," అంది రూప్లి. "వాళ్లు చెప్పాలె."