వదిన సంతకం పెట్టిన అర్జీ

నాకు కాగితాల పిచ్చి. హోసూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో ఏళ్ళ తరబడి పనిచేసి అంటించుకున్న జబ్బు ఇది. ఏ పనికైనా అర్జీ రాయాలి, ముద్ర పడాలి, నకలు నా బీరువాలో ఉండాలి. అప్పుడే నాకు నిద్ర పడుతుంది. ఆ పిచ్చితోనే మా వదినను జైలు గుమ్మం ముందు నిలబెట్టాను.

మా అన్న పోయాక మత్తూరు దగ్గరి మెట్ట పొలం వదిన పేరు మీదికి మారింది. నన్ను ఎత్తుకుని పెంచింది ఆవిడే. బోరు ఎండిపోయిన ఆ నేల మీద ఆవిడ నడుము విరగ్గొట్టుకోవడం చూడలేక, ఫోన్లో వీడియోలు చూసి చూసి, హెంప్ అనే పంట మీద మనసు పారేసుకున్నాను. అది గంజాయి జాతే గానీ మత్తు ఉండదట. కాండం నుంచి నార తీసి బట్ట నేస్తారట. ఉత్తరాదిన కొన్ని చోట్ల లైసెన్సు తీసుకుని పండించవచ్చని విన్నాను. అక్కడ ఇచ్చేది ఇక్కడ ఎందుకివ్వరని పౌరుషం పొడుచుకొచ్చింది. కృష్ణగిరి కలెక్టరాఫీసుకు అర్జీ పెట్టాను. సర్వే నంబరు వేసి, పట్టా నకలు జతచేశాను. ఈ మొక్క ఏమిటో, దానికి అనుమతి ఎందుకు కావాలో మాకు పూర్తిగా తెలుసునని ఒక వాక్యం గొప్పగా రాశాను కూడా. భూమి వదినది కనుక ఆవిడ చేత సంతకం పెట్టించాను. ఆవిడ అందులో ఏముందో అడగలేదు. నేను రాశానంటే చాలు ఆవిడకు.

అదే వారం బెంగళూరులో ఒక అంగట్లో హెంప్ గింజల పొట్లం కనబడింది. తినడానికని అమ్ముతున్నారు. గింజ కొనుక్కోవచ్చు, వేయించుకుని తినొచ్చు, మట్టిలో వేసి మొలిపిస్తే మాత్రం నేరం. మన చట్టం అలా ఉంది మరి. ఆ పొట్లం తెచ్చి వదిన చేతిలో పెట్టి, ఆ పంట గింజ ఇదేనని చెప్పి, మధ్యాహ్నం బస్సుకు హోసూరు వెళ్ళిపోయాను. వేయవద్దు అని ఒక్క ముక్క చెప్పానా? లేదు.

మా వైపు రాగి చేలో ఐదారు సాళ్ళకొక సాలు విడిచి, అందులో అనుములు, ఆముదాలు, అలసందలు కలిపి వేస్తారు. ఆ సాలు ఇంటి ఆడవాళ్ళది. కొత్త గింజ ఏది ఇంటికొచ్చినా ముందు ఆ సాల్లో పడాలి, మొలిచి చూపించాలి, ఆ తరువాతే పొయ్యి మీదికి. చిన్నప్పటి నుంచీ కళ్ళారా చూసినవాణ్ణి. అయినా నా బుర్రకు తట్టలేదు.

రెండు నెలలకు జవాబొచ్చింది, తమిళంలో. ఈ రాష్ట్రంలో ఆ పంటకు అనుమతి లేదు, లైసెన్సు లేకుండా ఒక్క మొక్క పెంచినా శిక్ష తప్పదు. కింద ఇంకో వాక్యం ఉంది. సదరు సర్వే నంబరును గ్రామాధికారి వచ్చి తనిఖీ చేస్తారు. అది చదివి నవ్వుకున్నాను. చూసుకోనీ, రాగి తప్ప ఏముంది?

ఆ ఆదివారం జవాబు, అర్జీ నకలు సంచిలో పెట్టుకుని ఊరికి పోయి చేలోకి దిగాను. రాగి మోకాలెత్తు ఉంది. ఆ మధ్య సాల్లో నా ఛాతీ ఎత్తున నిలబడి ఉన్నాయి, ఫోన్లో వందసార్లు చూసిన ఆకులు. వదిన మాత్రం మొహం ఇంత చేసుకుని నా వెనకాలే వచ్చింది.

"చూడప్పా, నీళ్ళు లేకపోయినా ఎట్లొచ్చినాయో. నువ్వు చెప్పింది నిజమే."

బండి తీసుకుని నేరుగా కృష్ణగిరిలో తెలిసిన లాయరు ఇంటికి పోయాను. మత్తు లేని రకమని మొదలుపెడితే, అది తేల్చేలోపు ఆ యమ్మ లోపలుంటుందని ఒక్క మాటతో నా నోరు మూయించాడు. తరువాత అర్జీ నకలు అడిగి రెండుసార్లు చదివాడు.

"ఏం చెట్టో తెలీదు సార్, పొరపాటున మొలిచిందని చెప్పుకోవచ్చు. ఈ కాగితం లేకుంటే. తెలుసని మీరే రాసిచ్చినారు, ఆ యమ్మ సంతకం పెట్టింది."

తనిఖీ ఇంకా కాలేదు కదా అని అడిగి, నా జవాబు కోసం చూడకుండా లేచి లోపలికి పోయాడు.

తిరిగొచ్చి వదినకు అంతా చెప్పాను. ఆవిడ గట్టు మీద కూలబడింది. నా వైపు తలెత్తి అడిగింది. "అయితే నేను దొంగపంట ఏసినానా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఇద్దరం వంగి ఒక్కొక్కటే పీకాం. కాలిస్తే వాసన ఊరంతా పోతుందని పేడదిబ్బలో పూడ్చాం. చేతులు ఎన్నిసార్లు తోమినా ఆ వాసన వదల్లేదు.

ఫ్యాక్టరీకి సెలవు పెట్టి ఊర్లోనే ఉన్నాను. మంగళవారం గ్రామాధికారి వచ్చాడు. వెంట ఇంకొకాయన వచ్చాడు, ఎవరో చెప్పలేదు. ఖాళీ సాలు దగ్గర ఆగి, బూటు కొనతో మట్టి కదిపి, ఫోటో తీసుకున్నాడు. ఇక్కడేం వేశారని గ్రామాధికారి అడిగితే, ఆముదాలు వేశామని, పురుగు తిని పోయాయని వదిన తడుముకోకుండా చెప్పింది. ఆవిడ నోట అబద్ధం వినడం నాకు అదే మొదలు. నేర్పింది నేనే. గ్రామాధికారి రాగి అని రాసుకుని ఆవిడ సంతకం తీసుకున్నాడు. జీపు ఎక్కేముందు ఆ రెండో ఆయన పేడదిబ్బ వైపు చాలాసేపు చూశాడు.

జీపు మలుపు తిరిగాక హమ్మయ్య అనుకున్నాను. ఆ ఊపిరి పూర్తిగా విడవకముందే వదిన నా పక్కకు వచ్చి నిలబడింది.

"కల్లావిలో మా చెల్లెలికి ఒక పిడికెడు పంపినానప్పా. కొత్త ఇత్తనం మనమొక్కరమే పెట్టుకుంటే బాగుండదు గదా."

అక్కడికక్కడే ఆమెకు ఫోను చేశాను. ఆమె గొంతు సంతోషంగా ఉంది. చెట్లు బాగా వచ్చాయట, రోడ్డున పోయేవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారట. ఇంకెవరికైనా ఇచ్చావా అని అడిగాను. ఇవ్వకుండా ఎట్లుంటామని, పక్కింటికి, ఎదురింటికి, గురుబరపల్లిలో కోడలి పుట్టింటికి అంటూ వరసగా చెప్పుకుపోయింది. విత్తనం ఎవరిచ్చారని చెప్పావమ్మా అని అడిగాను.

"మా అక్క పేరే చెప్పినా అందరికీ. ఆ పేరు చెప్తేనే గదా నమ్మి ఏసుకునేది."