మేకకు వంటబట్టిన మనస్తత్వ శాస్త్రం

ఆ రోజుల్లో బీఎడ్ చదివేవాడికి రెండు భ్రమలుండేవి. కొలువు వస్తుందని ఒకటి, మనుషుల మనసులు తెలుస్తాయని ఇంకొకటి. మొదటిది ఎప్పటికో నిజమైంది. రెండోదాని సంగతే ఇది. జనగామలో మనస్తత్వ శాస్త్రం నాలుగు ముక్కలు నేర్చుకుని దసరా సెలవులకు నర్మెట్ట చేరేసరికి, మా మేనమామ ఇంటి అరుగు మీద కాలు మీద కాలేసుకుని రేగొండ అన్న కూర్చుని ఉన్నాడు. మా పెద్దమ్మ కొడుకు. అప్పటికే భూపాలపల్లి బొగ్గు బాయిలో కొలువు, కింద ఎర్ర మోటారు సైకిల్. మామ బిడ్డ మా ఇద్దరికీ మేనమరదలే. (పోటీకొచ్చినవాణ్ణి 'అన్నా' అని పిలవాల్సి రావడం కన్నా నరకం ఉంటుందా, చెప్పండి!) పండుగ వెళ్లేలోగా పిల్లను ఎవరికిచ్చేదీ తేల్చేస్తానని మామ అన్నాడు.

మా వైపు బతుకమ్మకు పూలు తెచ్చే పని మగపిల్లలది. అన్న మోటారు సైకిల్ మీద గునుగు, తంగేడు మోపులకు మోపులు దించేవాడు. "అబ్బ, ఎన్ని తెచ్చినవ్ బావా!" అని మరదలు మురిసిపోయేది. నా సైకిల్ వెనక కట్టిన పూలను చూసి "గివేనా?" అనేది. కుళ్లి కుళ్లి చచ్చాను. ఏడవలేక పుస్తకం తెరిచాను. తొలినాటి పండితులు, నీ లోపలికి నువ్వే తొంగిచూసి అనుభవాన్ని ముక్కలు చేసి చెప్పమన్నారు. చూసుకున్నాను: కడుపులో మంట, చెవుల్లో వేడి, అన్న బండి టైర్లలో గాలి తీయాలన్న కోరిక. ఆ గుణం మనిషికి ఎందుకు పనికొస్తుందో చూడమన్నారు ఆ తర్వాతివాళ్లు. (గాలి తీయడానికి!) అంతా చిన్నతనంలోనే ఉందన్నాడు ఒకాయన. నిజమే, అమ్మమ్మ సకినాలు పంచితే అన్నకే ఎక్కువ పెట్టేది. రోగం తెలిసింది గానీ మందు దొరకలేదు. చివరికి, లోపలి గొడవ మాకొద్దు, కంటికి కనబడే ప్రవర్తనే చాలన్నవాళ్లు తెగ నచ్చారు. రోజూ గంట కొట్టి కుక్కకు తిండి పెడితే, కొన్నాళ్లకు గంట వింటేనే దానికి నోరూరుతుందట. ఇంకేం! సైకిల్ గంట కొట్టి పూలిస్తూ పోతే, పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ నాటికి గంట వినగానే మరదలి ముఖం వికసించదూ?

రోజూ వాకిట్లో నిలబడి గంట కొట్టాను. "ఏంది బావా గీ లొల్లి, చెవులు పోతున్నయ్" అనేది మరదలు. పూలు తెంపుకుని, మిగిలిన గునుగు కాడలను వెంటనే మామ మేకకు వేసేది. ఆ సంగతి నేను పట్టించుకోలేదు.

సద్దుల నాడు ఎన్నడూ లేనంత పెద్ద మోపు కట్టుకొచ్చి, ఠీవిగా గంట కొట్టాను. మరదలు తలెత్తలేదు. దొడ్లో ఉన్న మేక గుంజ పీక్కుని వచ్చి నా మోపు మీద పడింది. "మేకొచ్చింది, పట్టుండ్రి!" అని మామ కేక. ఆ పరేషాన్‌లో నా బొటనవేలు గంట మీదే ఉండిపోయింది. గంట మోగిన కొద్దీ అది ఇంకా ఆబగా తిన్నది.

"జర గంట ఆపు బావా, నీకు దండం పెడత!" అని మరదలు నవ్వలేక కూలబడిపోయింది. అన్న మాత్రం తన పూలలో సగం తీసి నా ముందు పోశాడు. "ఏం గాదు తమ్మీ, గివి నీ పూలే అనుకో" అన్నాడు. ఆ మంచితనానికి ఒళ్లు ఇంకా మండింది.

ఆ సాయంత్రం మామ అడిగితే, "గంట బావనే చేసుకుంట బాపూ. ఆయనతోనైతే నవ్వుకుంట బతుకొచ్చు" అన్నది మరదలు.

ఇప్పుడు మహబూబాబాద్‌లో, కాబోయే పంతుళ్లకు అవే సిద్ధాంతాలు పాఠం చెబుతున్నాను. ఏటా బతుకమ్మకు భూపాలపల్లి నుంచి అన్న, వదిన కారులో వస్తారు, డిక్కీ నిండా పూలతో. మలుపులో ఆ హారన్ వినబడితే చాలు, అన్న ఇంకా కారు దిగనే దిగడు, నా కడుపులో మంట మొదలవుతుంది. "షురూ అయిందా?" అంటూ నా భార్య మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టి నవ్వుతుంది. నేనూ నవ్వేస్తాను. ఆ మేకే నయం, గంట వింటే దానికి ఆకలైనా వేసేది.