పేగూ పోయినవాళ్ళు

మొన్న సంత రోజున ఉదయగిరిలో తప్పెట కొట్టించారు. సముద్రాల అవతల ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోందట, పటాలంలో చేరేవాళ్ళు కావాలట. ఆ పని మీద వచ్చిన హవల్దారు ఒకడు, పూర్వం సిపాయిలున్న ఇళ్ళేవో కనుక్కుంటూ మా అరుగు దాకా వచ్చాడు. మజ్జిగ తాగి మీసాలు తుడుచుకుని, "యుద్ధానికి పోయినోళ్ళకి సర్కారిచ్చిన పాత పతకం బిళ్ళలేమన్నా ఉండాయా అవ్వా ఇంట్లో?" అని అడిగాడు. లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి మూత తీసి చూపించాను. "బొట్టు పెట్టుకునే దాంట్లో పటాలం బిళ్ళ ఏంది అవ్వా!" అని పకపకా నవ్వాడు. అతని తప్పేమీ లేదు, ఎవరు చూసినా నవ్వేవాళ్ళే. అతనికి కూర్చుని వినేంత తీరిక లేదు, నాకేమో చెప్పకుండా ఉండేంత ఓర్పు లేదు. చిన్నప్పుడు నెల్లూరులో దొరసానుల బడికి పంపి మా నాయన నాలుగక్షరాలు నేర్పించిన పుణ్యాన ఇలా కాగితం మీద పెడుతున్నాను.

నేను ఉదయగిరికి కాపురానికి వచ్చేనాటికి ఆ ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళుండేవారు. మా మామ, ఆయన తల్లి అవ్వ, ఆయన తమ్ముడి భార్య చిన్నత్త. మా అత్త, అంటే మామ భార్య, మా ఆయన పసివాడుగా ఉన్నప్పుడే పోయింది. ఇల్లంతా చిన్నత్త చేతి మీదే నడిచేది. మామ పటాలంలో పనిచేసి పింఛను మీద వచ్చిన మనిషి, నిటారుగా నడిచేవాడు, కూర్చున్నా నిలబడినట్టే ఉండేవాడు. తమ్ముడి భార్య బావగారి ఎదుట పడకూడదు, ఆయనతో మాట్లాడకూడదు అనేది అప్పట్లో మా ఇళ్ళల్లో కట్టుబాటు. ఒకే కప్పు కింద ఉంటూ మాట్లాడకుండా ఇల్లు నడవాలి కదా! అందుకు వాళ్ళు పెరట్లో కట్టేసిన మేకను పెట్టుకున్నారు. చిన్నత్త తలుపు చాటున నిలబడి, "ఓ మేకా, నీళ్ళు తోడినాను, కాగిపోతుండాయని చెప్పు" అనేది. మామ వసారాలో నుంచి, "మేకా, వస్తుండానని చెప్పు" అనేవాడు. మేక మాత్రం ఎవరి మాటా పట్టించుకోకుండా నములుతూ ఉండేది. నేను వచ్చాక ఆ మేక ఉద్యోగం నాకు వచ్చింది. ఎదురెదురుగా వినబడుతున్న మాటనే అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మోసేదాన్ని. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత, ఆ ఇంట్లో మోయవలసిన అసలు మాట ఒకటుందనీ, దాన్ని ఎవరూ నా చేతికివ్వడం లేదనీ తెలిసింది.

ఆ మాట ఏమిటంటే పేగూ. బర్మాలో ఒక ఊరు. నేను పుట్టకముందు అక్కడ యుద్ధం జరిగింది. మామా, ఆయన తమ్ముడూ ఒకే పటాలంలో సిపాయిలు. ఓడ ఎక్కించబోయే ముందు, మనుషులు తక్కువైన మరో పటాలంలో వీళ్ళిద్దరినీ కలిపారు. పాత పటాలం వాళ్ళు ఈ ఇద్దరూ బర్మా వెళ్ళలేదని రాసుకున్నారు. కొత్త పటాలం వాళ్ళు పేర్లే రాసుకోలేదు. పేగూలో ఆ తమ్ముడు, మా చిన్నమామ, వాంతిభేదితో మా మామ చేతుల్లో ప్రాణం విడిచాడు. యుద్ధం ముగిసి సెలవు మీద ఇంటికొచ్చిన మామ వాకిట్లోనే కూలబడి ఆ సంగతి చెప్పాడట. అవ్వ ఏడవలేదట. "కాగితం ఏదిరా?" అని అడిగిందట. కాగితం లేదు. పటాలానికి రాయిస్తే, మీరిద్దరూ బర్మాకే పోలేదు, మీ తమ్ముడు ఎక్కడున్నాడో మాకు తెలియదు అని జవాబొచ్చింది. అప్పుడు అవ్వ నలుగురినీ పిలిచి, "సర్కారు కాగితంలో లేని చావుకి నా కోడలి గాజులు పగలగొట్టేది లేదు" అని తేల్చేసింది. కన్నకొడుకు పోయిన సంగతి అవ్వకు తెలియదా? తెలుసు. మహాలయ అమావాస్యకు ఎవరూ చూడకుండా దొడ్డిగోడ మీద ఒక ముద్ద ఎక్కువ పెట్టి కాకుల్ని పిలిచేది. కాని చిన్నత్తకు అప్పటికి నిండా పదహారు లేవు. తానే విధవరాలై ఆ బతుకు బతికిన మనిషి, ఆ పిల్లను అందులోకి తొయ్యలేక, సర్కారు చేసిన తప్పును తలుపుగా మూసి గడియ పెట్టింది.

ఆ గడియ వెనక అందరూ చిక్కుకుపోయారు. తమ్ముడు చావలేదు అనాలంటే అన్న పేగూ వెళ్ళలేదు అనాలి. అందుకని మామ నోట "మేం పేగూలో ఉన్నప్పుడు" అని మొదలయ్యేలోపే అవ్వకు దగ్గు వచ్చేది. ఆ దగ్గు వినగానే ఆయన నోరు మూసుకునేవాడు. ఊళ్ళోవాళ్ళకు అది మరీ అలుసైంది. ఆయన్ని పేగూ సిపాయి అని వెక్కిరించేవాళ్ళు. "యుద్ధానికి పోయినోడైతే బిళ్ళ ఏదిరా? రేవుకాడ మూటలు మోసి వచ్చుంటాడు" అనేవాళ్ళు. అంత పొడుగు మనిషి ఆ మాటలు పడి తలవంచుకుని ఇంటికొచ్చేవాడు. పడినదంతా తమ్ముడి భార్య బొట్టు కోసమే పడ్డాడు. నాకు ఆయన మీద జాలి, అవ్వ మీద కోపం, మళ్ళీ అవ్వ మీదే జాలి, ఇలా తిరుగుతూ ఉండేది మనసు. చిన్నత్త మాత్రం పొద్దున్నే తలంటుకున్న దానిలా శుభ్రంగా, కాసంత బొట్టు పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు పనిలో పడేది.

ధాత కరువు వచ్చిన ఏడు అవ్వ పోయింది. ఆ కరువు గురించి రాయాలంటే నాకు చెయ్యి రాదు. సీతారామపురం వైపు నుంచి జనం ఎముకల గూళ్ళై వచ్చి కోట కింద పడి ఉండేవాళ్ళు. మాకు మామ పింఛను ఒక్కటే దిక్కు. అలాంటి రోజుల్లో, రాణీగారికి కొత్త బిరుదు వచ్చిందని కచేరీ ముందు షామియానా వేసి చదివించారు. బిళ్ళలున్న పాత సిపాయిలకు ముందు వరసలో బెంచీ వేశారు. మామ ఎర్రకోటు దులిపి తొడుక్కుని వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చోబోతే, డవాలు బంట్రోతు రెక్క పట్టుకుని, "నీ బిళ్ళ ఏదయ్యా? అవతలకి పో" అని గంజి కోసం నిలబడ్డ వాళ్ళలోకి నెట్టాడు. ఇంటికొచ్చి కోటు విప్పి మడతపెట్టి, "అమ్మాయ్, నేను ఆత్మకూరు పోతాండా" అన్నాడు నాతో. పింఛన్ల దొర ఆత్మకూరులో మకాం వేసి ఉన్నాడు. ఆ దొరకు అర్జీ పెట్టుకుని, తన లెక్కలో తప్పిపోయిన పేగూ బిళ్ళ ఎక్కించుకోవాలని ఆయన ఆశ. దగ్గడానికి అవ్వ లేదు. తమ్ముడి ఊసెత్తకుండా తన ఒక్కడి మాటే అడిగితే చిన్నత్త బొట్టుకేమీ కాదనుకున్నాడు.

ఆత్మకూరులో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. అర్జీలు రాసేవాడు పంతులు, యుద్ధాల సంగతి ఎరగనివాడు. "నాకు పేగూ రాలేదు సామీ, పేగూ రావాల" అన్నాడు మామ. "ఎక్కడ పోయింది?" అన్నాడు పంతులు. "బర్మాలో" అన్నాడు మామ. పాపం, పంతులు కళ్ళ నీళ్ళు పెట్టుకుని, బర్మా యుద్ధమునందు పేగు పోగొట్టుకొన్నవాడను, దయయుంచి దానికి తగినది ఇప్పించవలెను అని గుండె కరిగేలా రాశాడు. కొన్నాళ్ళకు డాక్టరుకు చూపించుకొమ్మని తాఖీదు వచ్చింది. బిళ్ళ కొలత తీసుకుంటారేమో అనుకుంటూ వెళ్ళాడు మామ. డాక్టరు పడుకోబెట్టి, చొక్కా ఎత్తి, పొట్టంతా నొక్కి నొక్కి చూసి, "నీ పేగులన్నీ యాడివి ఆడనే ఉండాయి పెద్దాయనా, వాటిల్లో కూడు లేదు, అంతే" అన్నాడట. అది పంతులు తప్పని మామ ఎంత మొత్తుకున్నా ఎవరు వింటారు? లేని గాయం చెప్పి సర్కారును మోసం చేయబోయిన పింఛనుదారు అని కాగితం మీద పడిపోయింది.

ఆ మచ్చ తుడుచుకోవడానికి మరో అర్జీ, దాని మీద విచారణ. ఒక మిట్టమధ్యాహ్నం నెల్లూరు నుంచి గుమాస్తా మా ఇంటికే వచ్చాడు. అరుగు మీద చాప వేశాం. చుట్టుపక్కల వాళ్ళంతా పని లేనట్టు మా వాకిట్లో చేరారు. గుమాస్తా మంచివాడే, నిదానంగా మాట్లాడాడు. "పాత కాగితాల్లో వెతికించినాము. ఓడ ఎక్కేముందు వేరే పటాలంలోకి మారినట్టు ఒక చోట దొరికింది. అయితే నీ పేరొక్కటే కాదు, నీ తమ్ముడి పేరూ పక్కనే ఉండాది. ఇద్దరూ ఒకటిగా పోయినారు. మరి నీ తమ్ముడేడి? ఉంటే పిలువు, సాక్షి చెప్తాడు. పోయుంటే ఎట్టా పోయినాడో చెప్పు, ఇద్దరికీ బిళ్ళలొస్తాయి" అన్నాడు.

ఇన్నేళ్ళూ మామ ఎదురుచూసిన ప్రశ్న అది. ఆయన నోరు తెరిచి, తలుపు వైపు చూశాడు. తలుపు వెనక చిన్నత్త, ఆమె పక్కన నేను. మామ తలుపు మీంచి చూపు తిప్పుకున్నాడు. "నేను పేగూ పోలేదు సామీ" అన్నాడు. వాకిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. గుమాస్తా కలం ఆపి, "ఏంది పెద్దాయనా, బుద్ధుండే మాట్లాడతాండావా? అబద్ధపు అర్జీ అని రాస్తే నీ పింఛను పోద్ది. ఈ కరువులో ఏం తింటారు మీరు?" అన్నాడు. మామ తల ఎత్తలేదు. "పోలేదనే రాసుకోండి" అన్నాడు.

నా చెయ్యి పట్టుకుని ఉన్న చిన్నత్త దాన్ని వదిలేసింది. తలుపు తీసుకుని, గడప దాటి, పట్టపగలు అంతమంది ముందు బావగారి ఎదుట నిలబడింది.

"ఇంక చాలు బావా" అంది.

ఆ గొంతు తనతో మాట్లాడడం మామ వినడం అదే మొదటిసారి. ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. చిన్నత్త గుమాస్తా వైపు తిరిగింది. "రాసుకోండి సామీ. ఇద్దరూ పోయినారు. ఆయన ఆడనే చచ్చిపోయినాడు, మా బావ చేతుల్లో పోయినాడు. మా అత్త నా బొట్టు కాపాడింది, మా బావ దానికి కాపలా కాసినాడు. నన్ను మాత్రం ఎవురూ అడగలా. ఆయన బర్మా దాన్ని కట్టుకోని ఆడే కులుకుతుండాడని ఈ ఊరు నా మొహానే అంటావుంటే, బొట్టు పెట్టుకోని విన్నాను. నీళ్ళకి పోతే విన్నాను, పేరంటానికి పోతే విన్నాను. ఆయన నన్ను ఇడిచిపెట్టి పోయినోడు కాదు. చచ్చిపోయినోడు. అదొక్కటి రాయండి, మీకు పుణ్యముంటాది."

వాకిట్లో ఒక్కళ్ళూ నవ్వలేదు. మామ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు తమ్ముడి కోసమో, తాను కాపాడుతున్నానని అనుకుంటూ ఇన్నేళ్ళూ మరదలికి చేసిన దానికోసమో ఆయనకే తెలియాలి. మేలు చేస్తున్నామనుకుంటూ ఒకరినొకరు ఎంత గట్టిగా బంధించుకున్నారో తలచుకుంటే, ఇప్పటికీ నాకు ఊపిరాడనట్టు ఉంటుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ మేకతోనైనా అసలు మాట అడిగించి ఉండకూడదా!

చిన్నత్త లోపలికి వచ్చి, చేతులకు ఆముదం రాసుకుని గాజులు ఒక్కొక్కటే జారవిడిచింది. ఆనవాయితీ ప్రకారం పగలగొట్టాలని పక్కింటి ముసలామె గొణిగితే, "పగలగొట్టేదానికి ఆయనేమన్నా ఇయ్యాల చచ్చినాడా?" అంది. కొంగుతో బొట్టు తుడుచుకుని, భరిణెలో కుంకుమ అంతా నా భరిణెలోకి ఒంపింది. నేను ఏడుస్తుంటే, "ఎందుకే ఏడుస్తావు, నాకు ఈ పొద్దు కడుపు నిండినట్టుండాది" అంది. పొయ్యి మీద ఆ పూట ఉన్నది పల్చటి అంబలి.

బిళ్ళలు వెంటనే రాలేదు. వానలు పడి, చెరువులో మళ్ళీ నీళ్ళు చేరాక వచ్చాయి, రెండు. వెండివి, అంచు మీద ఇంగ్లీషులో పేర్లు చెక్కి ఉన్నాయి. బావామరదళ్ళు ఆనాటి నుంచి కలిసి కబుర్లు చెప్పుకున్నారా అంటే, అదేమీ లేదు. మర్నాడే "నీళ్ళు కాగినాయని మామకి చెప్పవే" అని నా ఉద్యోగం నాకు తిరిగి వచ్చింది. బిళ్ళలు వచ్చిన రోజున మాత్రం మామ నన్ను పిలవలేదు. తమ్ముడిది తెచ్చి గడప మీద పెట్టి, "అమ్మా, ఇది వాడిది" అన్నాడు. చిన్నత్త వంగి తీసుకుని కళ్ళకద్దుకుని, ఖాళీగా ఉన్న ఆ భరిణెలో పెట్టి మూత వేసింది.

మామ బిళ్ళ, ఆయన కోరినట్టే, రొమ్ము మీద ఉంచి ఆయనతోనే సాగనంపాం. చిన్నత్త దాచుకున్నది, ఆమె పోయాక, భరిణెతో సహా నాకు దక్కింది. హవల్దారు నవ్వుకుంటూ వెళ్ళిపోయాక దాన్ని చింతపండు పెట్టి తోమాను. నలుపు పోయి వెండి తెల్లగా తేలింది. కాని భరిణె అడుగున మిగిలిన కుంకుమ, అంచు మీది అక్షరాల సందుల్లో చేరి గట్టిపడిపోయింది. ఎన్నేళ్ళు గడిచినా చిన్నమామ పేరు ఇంకా ఎర్రగానే ఉంది.