తౌనోకి వినబడే ప్యాంట్లు

మా ఊళ్ళో అందరూ మనుషుల్ని ముఖం చూసి గుర్తుపడతారు. తౌనో మాత్రం ప్యాంటు చప్పుడు విని గుర్తుపడతాడు. ఎదురుపడినవాణ్ణి పలకరించే ముందు తల ఓ పక్కకి వంచి, చెవి రిక్కించి, "నీ ప్యాంటు మాట్లాడుతోంది" అంటాడు. మరీ నాసిరకం ప్యాంటయితే "వాగుతోంది" అంటాడు. ఆ తర్వాతే కుశలప్రశ్నలు.

అతన్ని తప్పుపట్టే ముందు మా వేట చట్టం సంగతి చెప్పాలి. దుప్పి వేటకి వెళ్ళేవాడు నెత్తిన నారింజరంగు టోపీ, ఒంటిమీద నారింజరంగు చొక్కా వేసుకుని తీరాలి. ఏ తుపాకీ, ఏ తూటా, ఎన్ని దుప్పులు, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అన్నీ ప్రభుత్వమే తేలుస్తుంది. నడుము కింది భాగాన్ని మాత్రం ఎందుకో పౌరుడి ఇష్టానికి వదిలేసింది. ఫిన్లండ్‌లో ఆ కాస్త స్వేచ్ఛని తౌనో అంత శ్రద్ధగా వాడుకున్నవాడు మరొకడు లేడు.

ప్యాంటు సుఖంగా ఉండాలి, చప్పుడు చెయ్యకూడదు, ధర అందుబాటులో ఉండాలి. ఇదీ తౌనో కోరిక. "వీటిలో ఏ రెండు కావాలో చెప్పు, ఇప్పుడే ఇస్తాను" అంటాడు కొట్టు నడిపే సాకరి. వానకి తడవని ప్యాంటు చవకే కానీ, అడుగు వేస్తే చిప్స్ పొట్లం నలిపినట్టుంటుంది. మందపు ఉన్ని ప్యాంటు నోరెత్తదు కానీ, తడిస్తే మోయలేం, పొడిగా ఉంటే గోక్కోలేక చస్తాం. ఇక మెత్తగానూ మౌనంగానూ ఉండే రకం ధర చూస్తే, ఆ డబ్బుతో పడవకి మోటారు కొనుక్కోవచ్చనిపిస్తుంది.

ఏటా సెప్టెంబరులో తౌనో ఇంటి నుంచి ఒక చెక్క మొద్దు చంకన పెట్టుకుని సాకరి కొట్టుకి వస్తాడు. కొట్లో కుర్చీ మీద కూర్చుని వేట ప్యాంటుని పరీక్షించడం మోసమట. అడవిలో కుర్చీలుంటాయా?

"సాకరీ, ఆ ఐస్‌క్రీం పెట్టె కట్టెయ్."

"కరిగిపోతుందయ్యా!"

"కాసేపేలే. ఆ రేడియో కూడా."

"ఊపిరి కూడా బిగబట్టమంటావా?"

"నీ ఊపిరితో పేచీ లేదు. నీ ప్యాంటుతోనే. కదలకు."

అప్పుడు మొద్దుమీద కూర్చుంటాడు, లేస్తాడు, గొంతుక్కూర్చుంటాడు, కళ్ళు మూసుకుని కుక్కల దాణా బస్తాల మధ్య పిల్లిలా నడుస్తాడు. మేకులు కొనడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే కొయ్యబారి నిలబడతారు. ఇంత తతంగమూ అయ్యాక ఏదో ఒకటి కొంటాడు, నవంబరుకల్లా దాన్ని తిడతాడు. ఒక ఏడాది వాళ్ళావిడ ఇంట్లో తొడుక్కునే మెత్తటి బొచ్చు ప్యాంటు వేసుకొచ్చాడు. చప్పుడు లేదు, నిజమే. సాయంత్రానికి అడవిలో ఉన్న ఆకులూ ముళ్ళూ నాచూ అంతా దానికి అంటుకుని, మనిషి క్రిస్మస్ చెట్టులా తిరిగొచ్చాడు.

తౌనో ప్రశాంతంగా కనిపించే చోటు ఒక్కటే, ఆవిరి గది. అక్కడ ఎవరికీ ప్యాంటు ఉండదు గనక. బయట మాత్రం అతనికి సందర్భమంటూ లేదు. పోస్టుమాన్ చనిపోయినప్పుడు శవపేటిక పక్కన చాలాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. కన్నీళ్ళేమో అనుకున్నాం. "జీవితమంతా గలగలలాడిన ప్యాంటు. ఇవాళ్టికి కుదుటపడింది" అన్నాడు.

ఇంత జాగ్రత్తపరుడి వల్లే ఏటా మా వేట చెడేది. అలాగని మేమనలేదు, తనే చెప్పుకునేవాడు. కొందరం అడవిలోంచి కేకలు వేస్తూ దుప్పుల్ని అదిలిస్తాం. చిత్తడి నేల అంచున మిగతావాళ్ళు తుపాకులతో కాపు కాస్తారు. అక్కడ పెద్ద బండ దగ్గరి చోటు అర్వోది. మా జట్టులో అందరికన్నా పెద్దవాడు. అంతకుముందు అదే బండ దగ్గర వాళ్ళ నాన్న కూర్చునేవాడు. అర్వోకి అవతల తౌనో. మా దుప్పి గుర్రంకన్నా ఎత్తు, చెవులు చేటలంత. సరిగ్గా చిత్తడి అంచుదాకా వచ్చి, ఆగి, ఆ చేటలు అటూ ఇటూ తిప్పి, వచ్చిన దారినే పోయేది.

సాయంత్రం మంట చుట్టూ చేరగానే తౌనో లేచి నిలబడేవాడు. "నా ప్యాంటే. మోకాలు వంచాను, చర్రుమంది."

అందరం పడీ పడీ నవ్వేవాళ్ళం. సాసేజ్‌లు కాల్చుకుని తినేవాళ్ళం. పై సెప్టెంబరులో మళ్ళీ మొద్దు, మళ్ళీ ఐస్‌క్రీం పెట్టె.

ఈ ఏడు మాత్రం జట్టు నాయకురాలు రాయిలి నవ్వలేదు. వేటకి అడవి ఇచ్చిన రైతులందరికీ చివర్లో దుప్పి సూప్‌తో విందు పెట్టాలి, అది మా రివాజు. పోయిన ఏడాది ఒక్క దుప్పీ దొరక్క బఠాణీ సూప్ పోశాం. రైతులు తాగారు కానీ, ఇంకోసారి బఠాణీలు పోస్తే అడవి పక్క ఊరివాళ్ళకిస్తామని చెప్పి మరీ వెళ్ళారు.

"ఈసారి చిత్తడి దగ్గర దుప్పిని బెదరగొట్టింది ఎవరైనా సరే, ఆ చోటు వాళ్ళది కాదు" అంది రాయిలి. "చేతికి గరిటె ఇచ్చి సూప్ గుండిగ దగ్గర నిలబెడతాను. తౌనో, ఇలా రా. నడువు."

తౌనో తాతలనాటి ఉన్ని ప్యాంటు వేసుకొచ్చాడు. రాయిలి కళ్ళు మూసుకుంది. అతను ఆమె చుట్టూ తిరిగాడు, కూర్చున్నాడు, లేచాడు.

"ఎప్పుడు నడుస్తావ్?"

"నడవడం అయిపోయింది."

"శభాష్" అంది రాయిలి కళ్ళు తెరిచి. తౌనో ముఖంలో మాత్రం సంతోషం కనబడలేదు. నాకది వింతగా తోచింది.

నేను బడిపంతుల్ని. ఎప్పుడూ అదిలించేవాళ్ళతో కేకలు వేస్తూ తిరిగేవాణ్ణి. ఈసారి మోకాలు నొప్పని తౌనోకీ అర్వోకీ మధ్య కూర్చోబెట్టారు. పొగమంచు విడిపోయింది. దూరంగా కేకలు. దుప్పి వచ్చింది. నేను ఊపిరి బిగబట్టాను. సరిగ్గా అప్పుడు నా కుడిపక్క నుంచి వినబడింది: "ఊఁ... ఊఁఊఁ... ఊఁ..."

అర్వో కూనిరాగం తీస్తున్నాడు. తుపాకీ సిద్ధంగా ఉంది, చూపు దుప్పి మీదే ఉంది, మనిషి శిలలా ఉన్నాడు. గొంతు మాత్రం తన దారిన తను పాడుకుంటోంది. చెవి మందగించిన మనిషికి తన రాగం తనకెలా వినబడుతుంది? దుప్పి చేటలు తిప్పింది, వెళ్ళిపోయింది. ఎడమపక్కకి చూశాను. తౌనో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అతనికిది కొత్త పాట కాదని నాకు అర్థమైంది.

మంట దగ్గర రాయిలి ముగ్గురినీ వరసగా నిలబెట్టింది. "ఎవరు?"

అర్వో అందరికన్నా ముందు మాట్లాడాడు. "నేను చీమ చిటుక్కుమనకుండా కూర్చున్నాను. మా నాన్న నేర్పిన విద్య."

"తౌనో ప్యాంటు నేనే పరీక్షించాను" అంది రాయిలి. ఆమె చూపు మెల్లగా ముసలాయన మీదికి వెళ్ళింది.

"మాస్టారిది" అన్నాడు తౌనో. "అంత దూరం నుంచి విన్నాను. వాగుతోంది."

నా ప్యాంటు పాపం ఆ ఉదయమంతా పలకలేదు. నోరు తెరవబోయాను. తౌనో నావైపు చూడకుండా మంటలో పుల్ల ఎగదోస్తున్నాడు.

"అవును" అన్నాను. "మోకాలు వంచాను. చర్రుమంది."

"చదువుకున్నవాళ్ళకి ఒక ప్యాంటు కొనుక్కోవడం చేతకాదు!" అంది రాయిలి. "మనకిక మిగిలింది పై శనివారం ఒక్కటే, ఈయనకీ అదే ఆఖరి అవకాశం. తౌనో, ఈయన్ని సాకరి దగ్గరికి తీసుకెళ్ళు."

తీసుకెళ్ళాడు, మొద్దుతో సహా. ఐస్‌క్రీం పెట్టె ఆగింది. రేడియో ఆగింది. ఆ రోజు కొట్లో జరిగింది చెబితే ఎవరూ నమ్మరు. గోధుమరంగు ప్యాంటొకటి, సాకరి కూడా మర్చిపోయి అడుగున పడేసినది, తొడుక్కుని కూర్చున్నాను, లేచాను, నడిచాను. నిశ్శబ్దం. దూదిలా ఉంది. ధర చీటీ చూశాను. నా జీతంలోంచి నిక్షేపంగా కొనొచ్చు.

"తౌనో! మూడూ ఉన్నాయి!"

తౌనో దాన్ని చాలాసేపు చూశాడు. చేత్తో నిమిరాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత మడిచి, తీసిన చోటే పెట్టేశాడు.

"ఇది వద్దు. చప్పుడే చెయ్యదు."

"అందుకే కదా ఇన్నేళ్ళూ వెతికావు!"

"వెతకడం వేరు, దొరకడం వేరు. నాకిది ముందే దొరికుంటే ఇన్నాళ్ళూ అర్వో ఎక్కడ కూర్చునేవాడు?" తగ్గింపు ధరల గుట్టలోంచి మెరుస్తున్న నల్ల ప్యాంటొకటి లాగాడు. విదిలించగానే దాణా బస్తాల వెనక సాకరి పిల్లి పారిపోయింది. "ఇదీ నీది."

"ఇది వేసుకొస్తే రాయిలి నన్ను గుండిగ దగ్గర నిలబెడుతుంది."

"నిలబెట్టదు. మోకాలు నొప్పివాడు అంతసేపు ఎలా నిలబడతాడంటాను. చిత్తడికి దూరంగా, వాగు ఒడ్డున పడెయ్యమంటాను."

"శిక్షా?"

తౌనో విసుక్కున్నాడు. "మాస్టారూ, అర్వో పాట విని దుప్పి వెనక్కి తిరుగుతుంది కదా. తిరిగి ఎటు పోతుందనుకుంటున్నావు?"

శనివారం నేను వాగు ఒడ్డున కాలు కదపకుండా కూర్చున్నాను. అంతకన్నా చెప్పుకోదగ్గ ప్రతిభ చూపలేదు. దుప్పి నడుచుకుంటూ వచ్చింది. రైతులకి ఈసారి బఠాణీలు తప్పాయి.

విందు రోజు హాలు నిండా జనం. సూప్ పొగలు కక్కుతోంది. ప్రార్థన అనగానే అందరూ తలలు వంచారు, పాస్టరు మాటలు వెతుక్కుంటూ ఆగాడు, చెంచాలు కూడా ఆగాయి. ఆ నిశ్శబ్దంలోంచి, అర్వో కూర్చున్న వైపు నుంచి: "ఊఁ... ఊఁఊఁ... ఊఁ..."

రాయిలి ఒక కన్ను తెరిచింది. "ఏమిటా చప్పుడు?"

ఎవరూ ఏమీ అనకముందే ఆ నల్ల ప్యాంటు మోకాళ్ళు రెండూ కలిపి గట్టిగా రుద్దాను. చర్ర్, చర్ర్. పాస్టరు ఉలిక్కిపడ్డాడు.

"క్షమించాలి" అన్నాను. "ప్యాంటు."

బల్లకి అవతలి నుంచి తౌనో నన్ను చూశాడు. సాకరి కొట్లో ఆ గోధుమరంగు ప్యాంటుని చూసినట్టే చూశాడు.